మూడు రేసింగ్ హెల్మెట్లు, మా మేనల్లుడి ప్రశ్న

కిందటి నెల మా మేనల్లుడు నాకొక పట్టిక పంపించాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. కొత్తగా పెద్ద మోటారు సైకిలు కొన్నాడు. పట్టికలో మూడు హెల్మెట్లు ఉన్నాయి: జపాను వారి అరాయ్ ఆర్‌ఎక్స్-7ఎక్స్, షోయీ ఎక్స్-ఫిఫ్టీన్, ఇటలీ వారి ఏజీవీ పిస్టా జీపీ ఆర్‌ఆర్. బరువులు, ధరలు, గాలి రంధ్రాలు అన్నీ వరుసగా రాసి, చివర "మామయ్యా, డాక్టరుగా మీరైతే ఏది తీసుకుంటారు?" అని అడిగాడు.

తలకు పెట్టుకునే వస్తువుకు ఇన్ని వేలా అని కొట్టిపారేయడం నా వయసువారికి తేలిక. నేను ఆ మాట అనను. హెల్మెట్ ఉన్న తలనూ లేని తలనూ ఒకే రాత్రి పక్కపక్క మంచాల మీద చూసినవాణ్ణి. పైగా ఈ వస్తువుతో వైద్యులకు పాత సంబంధం ఉంది. 1935 మే నెలలో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ మోటారు సైకిలు మీదనుంచి పడి, ఆరు రోజుల తరువాత మరణించారు. ఆయనను చూసిన వైద్యులలో ఒకరైన న్యూరోసర్జన్ హ్యూ కెయిర్న్స్ ఆ తరువాత ఇటువంటి గాయాలనే శ్రద్ధగా పరిశీలించి, హెల్మెట్ ఎంత అవసరమో 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. బ్రిటన్ దానిని తప్పనిసరి చేసింది మాత్రం 1973లో!

ఇక పోలికకు వస్తాను. ఏ హెల్మెట్‌కైనా ప్రాణం రెండు పొరలలో ఉంటుంది. పైన గట్టి పెంకు, లోపల థర్మాకోల్ జాతికి చెందిన నురుగు. తల వేగంగా పోయి దేనికైనా తగిలినప్పుడు ఆ నురుగు నలిగి, తల ఆగడానికి సెకనులో కొన్ని వేలవంతుల వ్యవధిని అదనంగా ఇస్తుంది. మెదడుకు అదే ఊపిరి. అయితే తల ఏటవాలుగా తగిలి గిర్రున తిరిగితే మెదడులోని సన్నని నాడీ తంతువులు సాగి తెగిపోతాయి. పుర్రె చెక్కు చెదరకపోయినా మనిషి స్పృహలోకి రాని కేసులు చాలావరకు ఇవే. అందుకే యూరప్ ప్రమాణమైన ఇ.సి.ఇ. 22.06లో ఏటవాలు దెబ్బ పరీక్షను కొత్తగా చేర్చారు. రేసుల కోసం అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్య, అంటే ఎఫ్.ఐ.ఎం., పెట్టిన పరీక్షలోనూ అది ఉంది. మూడు సంస్థలకూ ఎఫ్.ఐ.ఎం. అనుమతి పొందిన నమూనాలు ఉన్నాయి. కనుక వీటిలో ఏదీ నాసిరకం కాదు.

తేడా ఆలోచనలో ఉంది. అరాయ్ వారి హెల్మెట్ కోడిగుడ్డులాగా నున్నగా, గుండ్రంగా ఉంటుంది. వేగంలో పడినప్పుడు నురుగు ఒక్కటే అంత శక్తినీ పీల్చుకోలేదు, హెల్మెట్ దేనికీ తట్టుకోకుండా జారిపోవాలి అన్నది వారి సిద్ధాంతం. పైన అతికించిన గాలి తొడుగులు కూడా దెబ్బకు ఊడిపోయేటట్టు చేస్తారు. షోయీ వారు గాలితో పోరాటం మీద మనసు పెట్టారు. అతివేగంలో తల ఊగకుండా, మెడ అలసిపోకుండా వెనుక భాగాన్ని మలిచారు. ఏజీవీ పెంకు మొత్తం కార్బన్ ఫైబర్. వెనుక రెక్క, విశాలమైన చూపు, నీళ్లు తాగడానికి గొట్టం సైతం ఉంటాయి. పడినప్పుడు అంచు తగిలి కాలర్ ఎముక విరగకుండా కింది భాగాన్ని తీర్చామని వారు చెబుతారు. రేసర్లకు తరచుగా విరిగే ఎముక అదే కనుక, ఆ ఆలోచన నాకు నచ్చింది.

నాకు అరాయ్ సిద్ధాంతం మీద గౌరవం ఎక్కువ. కాని అది రేస్ ట్రాక్ మీద పుట్టిన సిద్ధాంతం. అక్కడ పడినవాడు జారిపోవడానికి ఖాళీ స్థలం ఉంటుంది, నిమిషంలో వైద్యుడు చేరతాడు. మన రహదారిపై జారినవాడికి డివైడరో, లైట్లు లేకుండా ఆగిన లారీయో, కరెంటు స్తంభమో ఎదురవుతుంది. ఇ.సి.ఇ. 22.06లో నిటారు దెబ్బను పరీక్షించే గరిష్ఠ వేగం సెకనుకు 8.2 మీటర్లు, గంటకు దాదాపు 30 కిలోమీటర్లు. ఎంత ఖరీదైన హెల్మెట్ అయినా నూరు కిలోమీటర్ల వేగంతో లారీని కొట్టడానికి అనుమతి పత్రం కాదు. ఇంకొక సంగతి: రేసింగ్ హెల్మెట్‌ను ట్యాంకు మీదికి వంగి కూర్చునేవాడి చూపుకు తగినట్టు చేస్తారు. నిటారుగా కూర్చుని నగరంలో నడిపేవాడికి ఆ సొగసు చాలావరకు వృథా. దానికి తోడు మే నెల ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే, ఎన్ని గాలి రంధ్రాలున్నా గాలి ఆడదు.

అందుచేత నా సమాధానం వాడి పట్టికలో లేని అంకెతో మొదలైంది. కనుబొమల పైన టేపు పెట్టి తల కొలుచుకోమన్నాను. యాభై ఏడు సెంటీమీటర్లు వచ్చింది. కొలత ఒక్కటైనా తలల ఆకారాలు వేరు. కొన్ని పొడవు, కొన్ని గుండ్రం. దుకాణంలో ఇరవై నిమిషాలు తల మీదే ఉంచుకోవాలి. నుదుటి మీద ఒకేచోట నొప్పి పుట్టకూడదు, బుగ్గలు కొద్దిగా నొక్కుకోవాలి. పట్టీ బిగించాక వెనుక అంచు పట్టి ముందుకు లాగితే ఊడిరాకూడదు. ఈ పరీక్షలో నెగ్గిన నాలుగు వేల హెల్మెట్ నా దృష్టిలో, వదులుగా ఉన్న లక్ష రూపాయల హెల్మెట్ కంటే మేలు. ఐ.ఎస్.ఐ. గుర్తు కూడా చూడమన్నాను. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదు.

ఇంతా రాశాక ఆ పట్టికను మళ్లీ చూశాను. అందులో ఒకే తల ఉంది! వాడి వెనుక సీటు మీద ఆదివారం ఆదివారం గుడికి వెళ్లే మా చెల్లెలి తల లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను వెనుక కూర్చునేవారినీ మినహాయించలేదు. ఫోను చేసి అడిగితే "అన్నయ్యా, కొప్పు పట్టదు, పైగా దగ్గరేగా!" అన్నది. కొప్పు మీద పెట్టిన హెల్మెట్ నిజంగానే నిలవదు. జడను కిందికి వేసుకుంటే సరిపోతుంది.

చివరికి మేనల్లుడు షోయీ తీసుకున్నాడు. ఏజీవీ వాడి కణతల దగ్గర నొక్కిందట. చెల్లెలికి ముఖమంతా కప్పే ఐ.ఎస్.ఐ. హెల్మెట్ కొన్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి విప్పే పద్ధతి చూపించాను. పడినవారు సరిగ్గా ఊపిరి తీసుకుంటుంటే హెల్మెట్ లాగవద్దు. ముందు అద్దం తెరిచి, 108కు ఫోను చేసి, తల కదలకుండా పట్టుకోండి. ఊపిరి ఆడక తీయవలసివస్తే ఇద్దరు కావాలి: ఒకరు కింది నుంచి దవడనూ మెడ వెనుకనూ పట్టుకోవాలి, మరొకరు మెల్లగా తీయాలి. షోయీలో బుగ్గల మెత్తలకు ఎర్రని పట్టీలు ఉంటాయి. వాటిని లాగితే మెత్తలు ముందుగా బయటికి వస్తాయి, మెడ మీద బరువు పడదు. గడ్డం కింద రెండు ఉంగరాల గుండా దూర్చిన పట్టీని విప్పడం మా చెల్లెలికి మూడోసారికి వచ్చింది.