పదేళ్ల సాధన సరే, వాద్యం ఎన్నేళ్లు?

కీబోర్డ్ మీద గమకం పలకదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నిజమే. ఒక కీ నొక్కితే ఒక స్వరం, అంతే. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే దారి దానికి తెలీదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని పక్కన పెట్టినప్పుడు దాని మీద ఉన్న పెద్ద ఫిర్యాదుల్లో ఇదొకటి. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. పిచ్ బెండ్ చక్రం తిప్పి గమకాలు పలికించేవాళ్లు ఉన్నారు, వాళ్లకి దండం. కానీ మామూలు కీబోర్డ్‌లో ఆ చక్రం కదిలిస్తే నొక్కి ఉంచిన స్వరాలన్నీ కలిసే వంగుతాయి.

అందుకే ఒక్కో వేలి ఒత్తిడినీ, జారుడునీ, ఊపునీ విడివిడిగా పట్టుకునే కంట్రోలర్లంటే మనకి అంత మోజు. 'ఢిల్లీ-6' (2009)లో 'రెహనా తూ' చివర రెహమాన్ వాయించిన కంటిన్యుయం విని, అసలిది ఏ వాద్యమని వెతికినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు మన మ్యూజిక్ క్లబ్ ఫండ్‌తో ఇలాంటిదొకటి సెకండ్‌హ్యాండ్‌లో కొందామన్న మాట నడుస్తోంది కాబట్టి ఒక ప్రశ్న ముందే అడుగుతున్నా. సౌండ్ బాగుంటుంది, ఒప్పుకున్నా. ఎన్నేళ్లు ఉంటుంది?

"టెక్నాలజీ కదా, ఐదేళ్లకి కొత్తది కొనుక్కోవచ్చు" అంటారు. ఫోన్‌కైతే ఆ మాట సరిపోతుంది. వీణ విరిగితే ఇంకో వీణ ముందు కూర్చోవచ్చు, చేతికి నేర్చింది చేతిలోనే ఉంటుంది. సీబోర్డ్ మెత్తటి అలల మీద అలవాటైన వేలు, లిన్‌స్ట్రుమెంట్ గళ్ల మీద సగం పనికిరాదు. ఆ మోడల్ ఆగిపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు, మన సాధన కూడా. పదేళ్ల సాధన అడిగే వస్తువు పదేళ్లయినా బతకాలని కోరుకోవడం అత్యాశేం కాదు.

అరిగేది ఏమిటో చూద్దాం. పైకి కనిపించేది సిలికాన్ పొర. దానికి దుమ్ము, నూలుపోగులు ఇట్టే అంటుకుంటాయి (మన హాస్టల్ గదుల సంగతి తెలిసిందే), గోరో ఉంగరమో గుచ్చుకుంటే చిరుగుతుంది. నన్నడిగితే అది చిన్న బాధ. దాని కింద ఒత్తిడి కొలిచే సెన్సర్ అసలు సంగతి. ఒత్తిడికి నిరోధం మారే పొరలు వాడితే, ఏళ్ల తరబడి నొక్కుళ్లకి వాటి కొలత మెల్లగా పక్కకి జరగొచ్చు. అప్పుడు కాలిబ్రేషన్ మళ్లీ చెయ్యాలి. ఇల్లినాయ్ యూనివర్సిటీలో పనిచేసిన లిప్పోల్డ్ హేకెన్ కంటిన్యుయంలో వేరే దారి పట్టాడు. పైన మెత్తటి పొర, కింద స్ప్రింగుల మీద సన్నటి లోహపు కడ్డీలు, వాటి చివర అయస్కాంతాలు, వాటి కదలికని తాకకుండానే పట్టే హాల్ ఎఫెక్ట్ సెన్సర్లు. ఈసీఈ వాళ్లకి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, ఇక్కడ వాద్యానికి ఆయుష్షు! రాపిడి లేని చోట అరుగుదల తక్కువ. పైపొర పాడైతే అది మాత్రమే మార్చుకోవచ్చు. ధర మాత్రం మన క్లబ్ కలలో కూడా అందుకోలేనిది.

ఇక కంపెనీ సంగతి. సీబోర్డ్ రైజ్ 2015లో వచ్చింది, లోపల బ్యాటరీతో. బ్యాటరీ అన్నది ఎలా వాడినా ముసలిదవుతుంది. తయారుచేసిన రోలీ 2021లో ఆర్థిక ఇబ్బందుల్లో పడి అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. తర్వాత తేరుకుని 2022లో రైజ్ 2 తెచ్చింది, అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ మధ్యకాలంలో పాత వాద్యం ఉన్నవాడి పరిస్థితి ఊహించండి. విడిభాగం ఎవరినడగాలి? సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్ రేపటి విండోస్‌లో నడుస్తుందా?

రోజర్ లిన్ 2014లో తెచ్చిన లిన్‌స్ట్రుమెంట్ నాకు అందుకే నచ్చుతుంది. లోపల బ్యాటరీ లేదు. దాన్ని నడిపే ప్రోగ్రామ్ మొత్తం గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి ఉంది, మనం ల్యాబ్‌లో వాడే ఆర్డుయినో ఐడీఈలోనే కంపైల్ అవుతుంది. రేపు ఆయన కొట్టు మూసేసినా మనలో ఒకడు కూర్చుని బాగుచేసుకోగలడు. ఎంపీఈ 2018లోనే అధికారిక ప్రమాణం అయింది కాబట్టి అవతల సౌండ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా బెంగ లేదు.

పాతకాలం వస్తువులన్నీ గొప్పవని నేననడం లేదు. 1977 నాటి యమహా సీఎస్-80 దాదాపు 100 కిలోలుంటుంది, మోసేవాడి నడుం పోతుంది. అయినా ఇవాళ్టికీ దాన్ని బాగుచేసేవాళ్లున్నారంటే, సర్క్యూట్ బొమ్మలతో సహా సర్వీస్ మాన్యువల్ దొరకడం ఒక కారణం. పద్యనాటకాల హార్మోనియం ఇంకా తేలిక. తిత్తి కారితే అతుకు వేస్తారు, రీడు శ్రుతి తప్పితే కాస్త గీకి సరిచేస్తారు. గమకం పలకని వాద్యానికి తరాల ఆయుష్షు, పలికేదానికి వారంటీ కార్డు!

కాబట్టి క్లబ్ మీటింగ్‌లో నా ఓటు వాడిన లిన్‌స్ట్రుమెంట్‌కే. అది దొరక్క ఇంకేదైనా చూసినా, అమ్మేవాడి ముందే లాప్‌టాప్‌కి తగిలించి మిడి మానిటర్ తెరవండి. ఒకే వేలితో, ఒకే బలంతో ఈ చివర నుంచి ఆ చివర దాకా నొక్కుకుంటూ పోండి. ఒత్తిడి అంకె 0 నుంచి 127 దాకా ఎక్కడా ఎగిరి దూకకుండా పెరగాలి. వేలు తీశాక సున్నాకి రావాలి. రాకపోతే డబ్బు జేబులోంచి తీయకండి, ఎంత తగ్గించినా సరే.