హూ, హూజ్ దగ్గర మనమే ఎందుకు ఆగిపోతున్నాం?



మొన్న ఇంగ్లీషు క్లాసులో మాలో ఒకడు "ద బాయ్ హిస్ ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్" అని రాస్తే క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి మా హాస్టల్ బెంచీల్లో ఒక్కరూ చెయ్యెత్తట్లేదు.

మాకు తెలివి లేక కాదు. "నిన్న వచ్చిన పిల్లోడు", "నిన్న వచ్చిన ఆవు"... తెలుగులో మనిషికీ ఆవుకీ ఒకటే "వచ్చిన", అదీ ముందే వస్తుంది. ఇళ్లల్లో మాట్లాడే కోయ, గోండి కూడా ద్రావిడ భాషలే, వాటి దారీ ఇదే. ఇంగ్లీషులో పిల్లోడు ముందు, ఆ తర్వాత హూ. ఆవుకైతే విచ్. ఈ తేడా చెప్పకుండా రూల్స్ బట్టీ పట్టమనడం తప్పు అంటాం మేము.

మా సీనియర్ అక్క చెప్పింది చూడండి. రెండో ముక్కని తెలుగులో అనుకోవాలి. "వాడు వచ్చాడు" అయితే హూ. "వాణ్ణి చూశాం" అయితే హూమ్ (మాటల్లో హూ అన్నా నడిచిపోద్ది). "వాడి నాన్న రైతు" అయితే హూజ్. అంతే, మావాడు రాసిన ముక్కలో "హిస్" బదులు "హూజ్" రావాలి! ఒక్క మాటకి అంత నవ్వా?

ఈ ఆదివారం నుంచి రాత్రి అన్నాలయ్యాక ఇంటర్ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి మేమే చెప్తున్నాం. తప్పులు పడిన నోట్సులే తెచ్చుకోండి.