బండి ఆగే చోట ప్లగ్గు ఏది?

ఎలక్ట్రిక్ వాహనాల కోసం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ కేంద్రాలకు కేటాయించిన 2,000 కోట్ల రూపాయలను ఎక్కడ ఖర్చు పెట్టాలో చెబుతూ కేంద్ర భారీ పరిశ్రమల శాఖ 2025 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు రాయలసీమ దారుల్లో తిరిగే మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. జనాభా 10 లక్షలు దాటిన నగరాలు, స్మార్ట్ సిటీలు, మెట్రో నగరాలను ఆనుకున్న పట్టణాలు, రాష్ట్ర రాజధానులు, రద్దీ ఎక్కువగా ఉండే హైవేలు వంటివాటికే ప్రాధాన్యమన్నారు. 2011 జనగణన ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్‌లో 10 లక్షలు దాటినవి విశాఖపట్నం, విజయవాడ రెండే. కర్నూలు జనాభా అందులో సగానికి కూడా చేరలేదు. కడప ఇంకా చిన్నది. ఇక నంద్యాల, ఆళ్లగడ్డ, అహోబిలం ఆ వరుసలో ఎక్కడ నిలబడాలి? ఈ ప్రాధాన్యక్రమం తప్పు. దీన్ని మార్చాలి.

కారు కొనేవాడికి ఈ పథకంలో ఒక్క రూపాయి సబ్సిడీ లేదు. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, బస్సులకు, లారీలకు, అంబులెన్సులకు కేటాయించారు. కారు యజమానికి ప్రభుత్వం నుంచి దక్కేది దారిలో ఒక చార్జర్ మాత్రమే. దాన్ని కూడా పెద్ద నగరానికే కట్టబెడితే, సీమలో ఎలక్ట్రిక్ కారు కొనమని ఏ ముఖంతో చెబుతారు?

ఈ ఏర్పాటును సమర్థించేవారు ఎప్పుడూ వినిపించే మాట ఒకటుంది: ఎలక్ట్రిక్ బండ్లు ఎక్కడున్నాయో చార్జర్లు కూడా అక్కడే ఉండాలి, గిరాకీ లేని చోట పెడితే ప్రజల డబ్బు దండగ. వినడానికి ఇది జాగ్రత్త మాటలాగే ఉంటుంది. మా అభ్యంతరమంతా దీని మీదే. ఎందుకంటే వీళ్లు గిరాకీని కొలుస్తున్న తీరులోనే మోసం ఉంది.

ఎలక్ట్రిక్ కారు ఉన్న ఏ ఇంటికైనా వెళ్లి చూడండి. రాత్రి ఇంటికొచ్చాక ప్లగ్గు పెడతారు, పొద్దున తీస్తారు. మామూలు 15 ఆంప్స్ ప్లగ్గు గంటకు దాదాపు 3 యూనిట్లు ఎక్కిస్తుంది. యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వేసుకున్నా, పది గంటల రాత్రికి 180 కిలోమీటర్లకు సరిపడా చార్జింగ్ ఎక్కుతుంది. ఊళ్లో రోజుకు 30, 40 కిలోమీటర్లు తిరిగే మనిషికి వీధి చివర ఫాస్ట్ చార్జర్‌తో నిత్యం పనేముంది? అపార్టుమెంటు సెల్లార్‌లో ప్లగ్గు పెట్టుకోనివ్వని సంఘాల బెడద ఉన్నమాట నిజమే. దానికి మందు నిబంధనలు మార్చడం, ఆ సెల్లార్‌లోనే మీటరు పెట్టించడం.

బయటి చార్జర్ అవసరం పడేది ఇల్లు వదిలాకే. కర్నూలు నుంచి అహోబిలానికి దాదాపు 140 కిలోమీటర్లు. నంద్యాల దాటి, ఆళ్లగడ్డ దగ్గర హైవే వదిలి, నల్లమల వైపు తిరగాలి. పోను రాను 280. కడప నుంచి మైదుకూరు, చాగలమర్రి మీదుగా వచ్చినా 200కి తగ్గదు. ఇక్కడి మధ్యతరగతి కుటుంబం చేతికందేవి 24, 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న కార్లు. ఏసీ వేసి, హైవే మీద 80, 90 వేగంతో పోతే ఇవి 150 నుంచి 200 కిలోమీటర్లు ఇస్తాయి. అంటే దర్శనానికి వెళ్లగలరు, తిరిగి రాలేరు. ఇదీ గిరాకీ. ఇది కర్నూలులో పుడుతుంది, అహోబిలంలో తీరాలి. రిజిస్ట్రేషన్ల లెక్కలో మాత్రం ఎక్కడా కనిపించదు.

అంతకన్నా పెద్ద అన్యాయం ఇంకొకటి ఉంది. అహోబిలంలో నవనారసింహుల దర్శనానికి వచ్చే కార్ల నంబరు ప్లేట్లు చూస్తే హైదరాబాద్‌వి, బెంగళూరువి, చెన్నైవి కనిపిస్తాయి. వైష్ణవ దివ్యదేశం కాబట్టి తమిళనాడు నుంచి వచ్చే యాత్రికులకు కొదవ లేదు. వాళ్ల సొంతూళ్లలో వాళ్లకు ఇంటి దగ్గరే ప్లగ్గు ఉంది. వాళ్లకు చార్జర్ కావలసింది ఇక్కడ. కానీ హైదరాబాద్‌లో రిజిస్టరైన కారు హైదరాబాద్ గిరాకీగా, బెంగళూరులో రిజిస్టరైనది బెంగళూరు గిరాకీగా నమోదవుతోంది. ఆ కార్ల పేరు చెప్పుకుని ఆ నగరాలకే ఇంకో చార్జర్ మంజూరవుతుంది. కొండ కింద నిలబడ్డ కారు అవసరం అది బయల్దేరిన నగరం ఖాతాలో పడుతోంది. లెక్క కట్టేవాళ్లకు ఈ సంగతి తెలియదనుకోవాలా?

అహోబిలం ఒక్కటే కాదు. మహానంది, యాగంటి, శ్రీశైలం, బ్రహ్మంగారి మఠం, బెలుం గుహలు, గండికోట ఇవన్నీ కాపురముండే జనం తక్కువ, వచ్చిపోయే జనం ఎక్కువగా ఉన్న చోట్లు. సీమకు మనుషులు వచ్చేదే ఇలాంటి ఊళ్ల కోసం. స్థానిక జనాభాతో, స్థానిక బండ్ల సంఖ్యతో కొలిస్తే వీటిలో ప్రతిదీ ఓడిపోతుంది.

గిరాకీ లేదనే మాట తన రుజువును తనే తయారు చేసుకుంటుంది కూడా. చార్జర్ దొరుకుతుందో లేదో తెలియనివాడు యాత్రకు డీజిల్ బండే తీస్తాడు. అలా కరెంటు కారు ఆ దారిన రాకపోతే, చూడండి ఇక్కడ గిరాకీ లేదంటారు. నంద్యాల స్టాండులో టాక్సీ నడిపే మనిషి సంగతి చూడండి. లీటరు పెట్రోలు 109 రూపాయలు దాటిన రాష్ట్రంలో కరెంటు బండి వల్ల అందరికన్నా ఎక్కువ మిగిలేది రోజుకు 200, 300 కిలోమీటర్లు తిప్పే అతనికే. మహానంది, అహోబిలం, యాగంటి కలిపి ఒకే రోజులో తిప్పుకు రమ్మని బేరం వస్తే మధ్యలో ఎక్కడ చార్జింగ్ పెట్టాలో తేలక అతను కొనడం లేదు. అతను కొనకపోవడాన్నే లెక్కగా చూపి అతని దారిలో చార్జర్ వద్దంటే అంతకన్నా క్రూరమైన వాదన ఉంటుందా?

2022 సెప్టెంబరు 27న తిరుపతిలో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. తిరుమల ఘాట్ రోడ్డెక్కే ఆ బస్సుల కోసం అలిపిరి డిపోలో ముందే చార్జర్లు బిగించారు. కొండ మీద ఎంతమందికి సొంత ఎలక్ట్రిక్ వాహనం ఉందని ఎవరూ అడగలేదు. యాత్రికులు వస్తారు, కొండ గాలి శుభ్రంగా ఉండాలి, కాబట్టి ఏర్పాటు చేయాలి అనుకున్నారు, చేశారు. అది సరైన పని. శేషాచలానికి వర్తించిన న్యాయం నల్లమలకు ఎందుకు వర్తించదు? దిగువ అహోబిలం నుంచి ఎగువకు దాదాపు 8 కిలోమీటర్ల అడవి దారి. ఫాల్గుణ బ్రహ్మోత్సవాల్లో ఆ దారి పొడవునా బండ్ల వరుసే. పొగ రాని బండికి అంతకన్నా తగిన చోటు నంద్యాల జిల్లాలో లేదు.

బ్యాటరీలు పెద్దవయ్యాయి, ఇక ఊరూరా చార్జర్ అక్కర్లేదనే మాట కూడా కంపెనీల నుంచి వినిపిస్తోంది. వాళ్ల కాగితాలే చూద్దాం. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న నెక్సాన్ ఈవీకి పరీక్షలో వచ్చిన రేంజ్ 489 కిలోమీటర్లు. వాడుకలో 350 నుంచి 370 వస్తుందని ఆ కంపెనీయే చెబుతోంది. అలా విడిగా చెప్పినందుకు మెచ్చుకోవాలి. కానీ షోరూములో మొదట చూపించేది పెద్ద అంకెనే. ఆ పరీక్ష ఏసీ ఆపి, గంటకు 90 కిలోమీటర్లకు మించని వేగంతో చేసేది. మే నెలలో పాదరసం 45 దాటే నంద్యాల, కడప జిల్లాల్లో ఏసీ ఆపి కారు నడిపేవాడు ఎవడు? ఇక్కడ కారు ఎంచుకునేవాళ్లు పరీక్ష అంకెలో మూడో వంతు కొట్టేసి చూసుకోవాలి. అప్పుడు మిగిలేదానితో కర్నూలు మనిషి వెళ్లి తిరిగి రాగలడో లేదో తేల్చుకోవాలి. నగరంలో అంకె తప్పితే పక్క వీధిలో చార్జర్ ఉంటుంది. ఆళ్లగడ్డ దాటాక తప్పితే పిల్లలతో, ముసలివాళ్లతో రోడ్డు పక్కన నిలబడాలి.

హైవేల మీద పెడుతున్నాం కదా అంటారు. రోడ్డుకు రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ కేంద్రం ఉండాలని విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లోనే రాసుకుంది. 2023 మార్చిలో మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు 7,432 ఫాస్ట్ చార్జింగ్ కేంద్రాల కోసం 800 కోట్లు మంజూరు చేశారు. 2024 ఫిబ్రవరి నాటికి దేశంలో 12,146 కేంద్రాలుంటే ఆంధ్రప్రదేశ్ వాటా 327, అంటే నూటికి మూడు కూడా లేదు. ఇవన్నీ కర్నూలు, నంద్యాల, కడపలను కలిపే 40వ నంబరు జాతీయ రహదారి మీదే పెట్టారనుకుందాం. అయినా అహోబిలం యాత్రికుడి బాధ తీరదు. అతని కారు రోజంతా నిలబడేది ఆళ్లగడ్డ హైవే పక్కన కాదు, అక్కడికి పాతిక కిలోమీటర్లకు పైగా దూరాన కొండ కింద. చార్జింగ్ కోసమని హైవే మీద గంట సేపు బంకులో కూర్చోబెట్టి, ఆ తర్వాత కారును అహోబిలంలో ఒక పూటంతా ఊరికే నిలబెట్టడం తెలివైన ఏర్పాటేనా?

వాడకం లేక తుప్పుపట్టే చార్జర్ మీద ప్రజాధనం పోయకూడదన్న హెచ్చరిక న్యాయమైనదే.

అందుకే అహోబిలానికి లక్షలు పోసే ఫాస్ట్ చార్జర్‌ను మేం మొదటి కోరికగా అడగడం లేదు. జ్వాలా నరసింహ సన్నిధికి కాలినడకన ఎక్కి, ఉగ్రస్తంభం వైపు చూసి, పావన నరసింహుని కూడా దర్శించుకుని దిగేవాళ్లకు ఒక రోజు చాలదు. చాలామంది రాత్రి సత్రంలోనో, పర్యాటక సంస్థ హరిత హోటల్లోనో ఉండిపోతారు. అంతసేపు నిలబడే కారుకు నిదానంగా ఎక్కే కరెంటు చాలు. 3.3 కిలోవాట్ల పాయింటు పది గంటల్లో చిన్న కారును నింపేస్తుంది. అలాంటివి పది పెట్టి, పదీ ఒకేసారి వాడినా పడే లోడు 33 కిలోవాట్లు. అంటే ఐదు హెచ్‌పీ బోరు మోటార్లు తొమ్మిది నడిస్తే పడే లోడు. ఆళ్లగడ్డ మండలంలో ఏ పొలం గట్టున నిలబడినా అంతకన్నా ఎక్కువ మోటార్లు నడుస్తూ కనిపిస్తాయి. ఇంత చిన్న ఏర్పాటుకు గిరాకీ అధ్యయనం పేరు చెప్పడం చేయకుండా తప్పించుకోవడమే.

చట్టం కూడా అడ్డు రాదు. కరెంటు బండికి చార్జింగ్ పెట్టి డబ్బు తీసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. అహోబిలంలోని ఏ సత్రమైనా తన ఆవరణలో పాయింటు పెట్టుకోవచ్చు. 2024 సెప్టెంబరు మార్గదర్శకాలు ఇంకో మంచి మాట చెప్పాయి. పొద్దున 9 నుంచి సాయంత్రం 4 వరకు, సోలార్ కరెంటు పుష్కలంగా ఉండే వేళ, చార్జింగ్ కేంద్రాలకు ఇచ్చే కరెంటు ధర సగటు సరఫరా ఖర్చులో 70 శాతమే ఉండాలన్నాయి. యాత్రికులు కొండెక్కి, కారు కింద ఖాళీగా ఉండే వేళ కూడా సరిగ్గా అదే.

ఆ ఎండను కరెంటుగా మార్చి దేశానికి ఇస్తున్నది ఎవరు? సీమలోని గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. అదే ఏడాది కడప సోలార్ పార్కు వేలంలో యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలకు దిగి దేశమంతా వార్త అయింది. భూమి ఈ నేలది, ఎండ ఈ నేలది. మన ఎండతో నడిచే కారు మన గుడి దగ్గర నింపుకునే వీలు లేదంటే, పెద్ద నగరాల తర్వాత చూద్దామంటే, సీమ జనం ఎంతకాలం ఊరుకోవాలి?

చేయాల్సిన పని స్పష్టంగా ఉంది. భారీ పరిశ్రమల శాఖ తన ప్రాధాన్యాల్లో యాత్రాస్థలాలను, పర్యాటక కేంద్రాలను విడిగా చేర్చాలి. అక్కడ గిరాకీని స్థానిక రిజిస్ట్రేషన్లతో కాకుండా ఏడాదిలో వచ్చే వాహనాలతో కొలవాలి. ప్రభుత్వ ప్రాంగణాల్లో పెట్టే కేంద్రాలకు పూర్తి ఖర్చు కేంద్రమే భరిస్తానంటున్నది కాబట్టి, హరిత హోటళ్లను ఆ వర్గంలోకి తెచ్చే ప్రతిపాదన రాష్ట్రం వెంటనే పంపాలి. చార్జింగ్ సదుపాయాలకు నోడల్ సంస్థ అయిన నెడ్‌క్యాప్ తన తదుపరి జాబితాలో అహోబిలం, మహానంది, యాగంటి, గండికోట పేర్లు ఉన్నాయో లేదో బహిరంగంగా చెప్పాలి. దేవస్థానం, అహోబిల మఠం పార్కింగ్ స్థలంలో కొంత భాగాన్ని కేటాయించడానికి ముందుకు రావాలి. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ అక్కడికి లైను, మీటరు ఏ తేదీకి ఇస్తుందో ప్రకటించాలి. ఆ తేదీ వచ్చే ఫాల్గుణ బ్రహ్మోత్సవాల ధ్వజారోహణానికి ముందే ఉండాలి.