డెక్క తీసిన పిమ్మట

గుర్రపుడెక్కను గట్టుపైకి ఈడ్చినంతనే చెరువు బాగుపడినదని మనవారు తలంచుచున్నారు. ఛాయాచిత్రములు తీయించుకొని యిండ్లకు పోవుచున్నారు. గట్టుమీదనే విడిచిన డెక్క తొలకరికి మరల నీట జేరుచున్నది. ఎరువు మిక్కుటమైన వెచ్చని నీటిలో ఈ మొక్క సుమారు రెండు వారములలో రెట్టింపగును.

పువ్వు సొంపునకు మురిసి తెచ్చుకొనిన యీ దక్షిణామెరికా మొక్క వంగదేశమును పెట్టిన బాధ యింతంత కాదు. 1936లో దానికొఱకు అచ్చట నొక శాసనమే పుట్టెను. తన భూమిలోని డెక్కను నాశనము చేయుట భూమి ననుభవించువాని విధి యయ్యెను. 1937 ఎన్నికలలో దాని నిర్మూలనము వాగ్దానముగ నిలిచెను. నేటికిని అచ్చట డెక్క యున్నది. ముద్దాయిని తప్పుగా నెంచిన వ్యాజ్యము ఎన్ని వాయిదాలు నడచినను తెగదు. చేతికి దొరకిన మొక్కను బోనెక్కించితిమి. దానిని మేపుచున్న మురుగుకాలువకు సమనైనను అందలేదు.

కేరళమునందలి కుట్టనాటి కాలువలలో ఆఫ్రికన్ పాయల్ అను వేఱొక తేలుమొక్క పడవలనే ఆపివైచెను. దానిని మాత్రమే తిను చిన్న ముక్కుపురుగును 1982లో ఆస్ట్రేలియానుండి తెప్పించి, పరీక్షించి, విడిచిరి. 1988 నాటికి పెక్కు కాలువలలో పడవలు తిరిగి నడచెను. ఇది మన శాస్త్రజ్ఞుల ఘనవిజయమే, సందేహము లేదు. కాని నేడు ఆ నీళ్లలో గుర్రపుడెక్క పెద్ద బెడదయై కూర్చున్నది! పాత యతిథి పోయినను వడ్డన ఆగలేదు.

డెక్కచాప క్రింద వెలుతురు సోకదు, అడుగుమొక్కలు నశించును, ప్రాణవాయువు సన్నగిల్లి చేపలు తల్లడిల్లును. మందు చల్లి చంపి అచ్చటనే కుళ్లనిచ్చిన, ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును పోవును. కావున దూరముగ మోసికొనిపోయి ఎరువు చేయవలయును. ఇక బురద సంగతి. డెక్కగింజ అందులో ఇరువదియేండ్లవఱకు బ్రదుకగలదు. తామరగింజయు సామాన్యమైనది కాదు: చైనాలో ఎండిన సరస్సుమట్టిలో దొరకిన, వెయ్యేండ్లు దాటిన గింజను మొలకెత్తించిన వృత్తాంతము 1995లో ప్రకటితమైనది. వెలుతురు సోకిననాడు ఈ యిద్దఱిలో ఎవరు ముందు లేతురు? నీరు మురుగైన డెక్కదే పైచేయి. నీరు తేరిన అడుగుమొక్కలు, కలువలు, వాని నీడను చేపపిల్లలు, వానికై పక్షులు వరుసగ తిరిగివచ్చుటకు వీలు కలుగును. యంత్రములతో అడుగంటగోకువారు ఈ నిక్షేపమును గూడ గోకివేయుచున్నారని మఱువరాదు.

మన కొల్లేటిని చూడుడు. 2002లో రాంసర్ జాబితాకెక్కినది. బుడమేరు, తమ్మిలేరు దానికి నీటితో పాటు పొలముల ఎరువును, పట్టణముల మురుగును మోసికొనివచ్చుచున్నవి. నీటిలో కల్మషము విడువరాదను శాసనము 1974 నుండియు నున్నది. అమలుజరుపు చేయి కావలయును. డెక్క తీయుటకు టెండరు పిలుచు ప్రతి పురపాలకసంఘమును పౌరులు ముందుగ నడుగవలసిన దొక్కటే: మీ యూరి మురుగు ఏ చెరువులోనికి పోవుచున్నది, దానిని శుద్ధిచేయు యంత్రము నిన్న ఎన్ని గంటలు నడచినది?