మట్టి బూట్లతో వచ్చిన అబ్బాయి



పైరూపాన్ని చూసి మనిషిని అంచనా వేయకూడదని మేము ఎన్నో ఆదివారాలు బోధించాము. యాకోబు పత్రిక రెండవ అధ్యాయంలో బంగారు ఉంగరంతో వచ్చినవానికి మంచి చోటు, మురికి బట్టలతో వచ్చినవానికి కాళ్ళ దగ్గర చోటు ఇచ్చే సంగతి మీకు తెలిసినదే. బోధించిన మేమే ఒకనాడు ఆ తప్పు చేశాము. దాచుకోకుండా ఈ నెల మీతో చెప్పుకుంటున్నాము.

2023 ఆగస్టులో ఒక పాఠశాలలో గుమస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూలు జరిగాయి. కమిటీలో మమ్మును కూడా కూర్చోబెట్టారు. ఆ రోజు తెల్లవారుజాము నుండి ముసురు. వచ్చినవారిలో ఒకరు కారులో దిగారు, ఇద్దరు ఆ ఊరివారే. అందరూ ఇస్త్రీ చొక్కాలతో ఉన్నారు. చివరిగా ఒక అబ్బాయి వచ్చాడు. ఒంటి మీద నల్ల జెర్కిన్, మోకాళ్ళదాకా బురద, చేతిలో నీళ్ళు కారుతున్న హెల్మెట్. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. అతడు నడిచినంత మేర గచ్చు మీద మట్టి అడుగులు పడ్డాయి.

మా ప్రక్కనున్న పెద్దమనిషి, “వీడెవడో రౌడీలా ఉన్నాడే” అని మెల్లగా అన్నారు. మేము కాదనలేదు, నవ్వాము. రెండే ప్రశ్నలు అడిగి పంపేశాము. అతని సర్టిఫికెట్లు పాలిథిన్ కవరులో ఎంత పొడిగా, ఎంత వరుసగా ఉన్నాయో కళ్ళారా చూసి కూడా, గుమస్తాకు కావలసిన గుణం అదేనని మాకు తోచలేదు.

రెండు నెలల తరువాత ఆ ఊరి సంఘ కాపరి పిలిస్తే ఆసుపత్రికి వెళ్ళాము. మంచం మీద ఉన్నది ఆ అబ్బాయే. మరొక ఇంటర్వ్యూకు బండి మీద వెళుతుండగా గేదె అడ్డం వచ్చి పడిపోయాడట. తలకు పదకొండు కుట్లు. ప్రాణం దక్కింది.

అతని తల్లి మాతో ఇలా అన్నది: “అయ్యగారూ, మా ఊరి నుండి మొదటి బస్సు పదిన్నరకు గానీ టౌనుకు చేరదు. అందుకే మొన్న 40 కిలోమీటర్లు వానలో బండి మీద వచ్చాడు. ఆ బట్టలు చూసే తీసేశారని వాడి మనసులో పడిపోయింది. ఈసారి జుట్టు చెదరకూడదని హెల్మెట్, జెర్కిన్ ఇంట్లోనే పెట్టి పోయాడు.”

ఆమె మమ్మును నిందించలేదు. అయినా ఆ మాటలు విని మేము తల ఎత్తలేకపోయాము.

ఆలోచించండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయినట్లు కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 50,029 మంది హెల్మెట్ లేకుండా బండి నడుపుతున్నవారు, వెనుక కూర్చున్నవారు. అంటే పదిమందిలో దాదాపు ముగ్గురు. బండి నడిపేవారే కాదు, వెనుక కూర్చున్నవారు కూడా హెల్మెట్ పెట్టుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. 2019 సవరణ తరువాత పెట్టుకోనివారికి 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. చట్టం పెట్టుకొమ్మంటున్నదానిని పెట్టుకొని వచ్చినవానిని చూసి మనం ముఖం చిట్లిస్తే, ఆ పిల్లవాడు ఎవరి మాట వినాలి?

ఉద్యోగానికి వెళ్ళే యువకులారా, మీకు ఒక మాట. లోకం తీరు ఒక్క రోజులో మారదు. కాబట్టి అరగంట ముందుగా చేరండి. ఉతికిన చొక్కా, చెప్పులు, తువ్వాలు, దువ్వెన ఒక సంచిలో పెట్టుకోండి. వాచ్‌మన్‌ను అడిగి జెర్కిన్, హెల్మెట్ బయట ఉంచి, ముఖం కడుక్కొని లోపలికి వెళ్ళండి. ఎవరైనా అడిగితే “ఇంత దూరం నుండి బండి మీద వచ్చానండీ” అని ధైర్యంగా చెప్పండి. అది సిగ్గుపడవలసిన సంగతి కాదు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్ కొనండి, పట్టీ బిగించండి. జుట్టు చెదిరితే దువ్వుకోవచ్చు.

పని ఇచ్చే పెద్దలారా, మీకూ ఒక మాట. ఎదురుగా నిలబడినవాని బూట్లు చూసేముందు, ఎంత దూరం నుండి వచ్చాడో అడగండి. వానలో సమయానికి వచ్చినవాడు పనికి కూడా సమయానికి వస్తాడేమో ఆలోచించండి.

తల్లిదండ్రులారా, బయలుదేరే బిడ్డకు చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చినట్లే, హెల్మెట్ కూడా చేతికి అందించండి.

ఆ అబ్బాయి కోలుకున్నాడు. ఇప్పుడు వేరొక చోట లెక్కలు రాస్తున్నాడు. హెల్మెట్ పెట్టుకొనే వెళుతున్నాడు. మేము మాత్రం ఆ పాఠశాల వరండాలో గోడకు ఆరు మేకులు కొట్టించాము. క్రింద ఒక బల్ల, ప్రక్కన బకెట్టు నీళ్ళు, మగ్గు. ఇంటర్వ్యూ ఉత్తరంలో, బండి మీద వచ్చేవారు హెల్మెట్, రెయిన్‌కోటు అక్కడ పెట్టుకోవచ్చునని ఒక వాక్యం చేర్పించాము. దానికి పెద్ద ఖర్చేమీ కాలేదు.

మీ కార్యాలయంలో, మీ దుకాణంలో, మీ మందిరం గుమ్మం దగ్గర అలాంటి మేకు ఒకటైనా ఉన్నదా?