ఫోన్లో చూసేది చదువు కాదా?

నేను చదివింది తమిళ మీడియంలో. తెలుగు ఇంట్లో మాట్లాడుకున్నదే. రాయడం రిటైరయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

పోయిన సర్వసభ్య సమావేశంలో విద్యా సాయం కోసం వచ్చిన ఇద్దరు ఆడపిల్లల దరఖాస్తులు పక్కన పెట్టేశారు. వాళ్లు చదివేది ఆన్‌లైన్ డిగ్రీ అన్నదే కారణం. "ఫోన్లో చూసేది ఒక చదువా?" అని ఒక పెద్దాయన అంటే అందరూ నవ్వారు. నేనూ నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక సిగ్గేసింది. కాలేజీ గడప తొక్కకుండా బి.కాం. పాసైనవాణ్ని నేను.

1984లో నాకు ఈరోడ్ గూడ్స్ ఆఫీసులో పని. పాఠాల కట్టలు తపాలాలో వచ్చేవి. నైట్ డ్యూటీ దిగి చదవబోతే నిద్ర ముంచుకొచ్చేది. ఆరు నెలలకే మానేద్దామనుకున్నాను. ఆదివారం కాంటాక్ట్ క్లాసుల్లో పరిచయమైన ఇద్దరు స్నేహితులు మానేయనివ్వలేదు. లెక్క తప్పితే టీ అంగడి బల్ల మీద మళ్లీ వేయించేవాళ్లు. తర్వాత ప్రమోషన్ పరీక్షలో నన్ను గట్టెక్కించింది ఆ అకౌంట్సే.

అందుకే ఈ నెల, మనవాళ్లలో ఆన్‌లైన్ డిగ్రీలో చేరిన ఏడుగురికి ఫోన్ చేసి, తృప్తిగా ఉందా అని అడిగాను. ముగ్గురు బాగుందన్నారు. ఆ ముగ్గురికీ సందేహం అడగడానికి ఒక మనిషి ఉన్నారు. ఒకమ్మాయికి ఆడపడుచు, ఒకతనికి ఆఫీసులో తోటివాడు, ఇంకొకామెకు లైవ్ క్లాసులో ఓపిగ్గా జవాబిచ్చే మాస్టారు. మిగతా నలుగురూ మధ్యలో మానేశారు. పాఠాలు బాగాలేవని వాళ్లలో ఒక్కరూ అనలేదు. "అడిగితే పలికేవాళ్లు లేరు" అన్నదే నలుగురి మాటా. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె నగలు కుదువపెట్టి ఫీజు కట్టింది. చేరేదాకా రోజుకు నాలుగుసార్లు పిలిచిన ఏజెంటు, కట్టాక ఫోన్ ఎత్తలేదట.

డబ్బు వృథా అవుతుందన్న కమిటీ భయం నిజమే, నేను కాదనను. కానీ ఆ చదువే చెల్లదనడం తప్పు. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం, అనుమతి ఉన్న యూనివర్సిటీ ఆన్‌లైన్లో ఇచ్చే డిగ్రీ, కాలేజీకి వెళ్లి తెచ్చుకున్న డిగ్రీతో సమానం. 2022లో ఆ మాటే మళ్లీ స్పష్టం చేశారు. మన చెన్నై ఐఐటీ 2020లో డేటా సైన్స్ చదువును ఆన్‌లైన్లో మొదలుపెట్టింది. పాఠాలు ఇంట్లో, పెద్ద పరీక్షలు మాత్రం సెంటరుకు వెళ్లి రాయాలి. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి ఆన్‌లైన్లో ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. వాటికి ఎవరైనా ఆన్‌లైన్ డిగ్రీ ఇప్పిస్తామంటే నమ్మకండి.

పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లకు, షిఫ్టు పనికి వెళ్లే పిల్లలకు ఇంకో దారి లేదు. వాళ్లను వదిలేస్తే విద్యా సాయం అన్న పేరెందుకు?

నేను అడిగేవి మూడే.

ఒకటి. దరఖాస్తు రాగానే ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో కమిటీవాళ్లే చూడాలి. వీలైతే ఫీజు కట్టకముందే చూసి చెప్పాలి.

రెండు. సాయంలో సగం చేరినప్పుడు, మిగతా సగం మొదటి సెమిస్టర్ పరీక్షలు రాశాక ఇవ్వాలి.

మూడు. పెళ్లిళ్లకూ ఉగాదికీ తప్ప మన హాలు తాళం వేసే ఉంటుంది. ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా తెరిచి, వైఫై పెట్టించండి. అకౌంట్స్ నేను చెబుతాను. రిటైరైన టీచర్లు మనలో ఉన్నారు, వాళ్లనూ అడుగుతాను.

పక్కన పెట్టిన ఆ రెండు దరఖాస్తులు వచ్చే సమావేశంలో మళ్లీ బల్ల మీదికి రావాలి. ఈసారి నోరు మూసుకుని కూర్చోను. ఒప్పుకునేవాళ్లు కింద రాయండి, ఒప్పుకోనివాళ్లు కారణం రాయండి.