తెలుగు కూడు పెడుతుందా?



ఏటేటా జూన్ మాసంలో నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. టీసీ కోసం వచ్చిన తండ్రి నా బల్ల ముందు నిలిచి, "అయ్యవారూ, తెలుగు కూడు పెడుతుందా?" అంటాడు. అడిగేది తెలుగులోనే. అంతకు ముందు హోసూరు సంతలో టమాటా బుట్టకు బేరమాడినదీ తెలుగులోనే. తనకు కూడు పెడుతున్న భాషలోనే ఆ మాట అంటున్నానని ఆయనకు తోచదు.

ఇది లాభనష్టాలు లెక్కించి వేసిన ప్రశ్న కాదు. మనిషి రూపాయిని ఖర్చు చేసే తీరు, శ్రమించే తీరు అతని ఆదాయాన్ని బట్టి మాత్రమే ఉండవు. తానెవరినని అనుకుంటున్నాడో దానిని బట్టి కూడా ఉంటాయి. జార్జి ఏకర్లాఫ్, రేచెల్ క్రాంటన్ అనే ఆర్థికవేత్తలు 2000లో ఈ సంగతినే సిద్ధాంతీకరించి, 2002లో బడి చదువులకు అన్వయించారు.

మన దేశంలోని నిదర్శనమే చూడండి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల బాలురకు చిక్కుదారుల పటాలిచ్చి, దారి కనుగొన్న ప్రతి పటానికీ రూపాయి చొప్పున ఇచ్చారు. 2006లో ప్రచురితమైన ఆ పరిశోధన ప్రకారం, కులం ప్రస్తావన లేనప్పుడు అందరూ సమానంగా రాణించారు. పదిమందిలో కులం చదివి వినిపించగానే నిమ్నకులాల బాలురు వెనుకబడ్డారు. తెలివీ అదే, రూపాయీ అదే. మారినది తమను గురించిన తలపు మాత్రమే.

కులావమానమూ భాషాన్యూనతా ఒకటి కావు, ఎరుగుదును. అయినా "మన భాష పనికిరాదు" అని ఇంటిలో నిత్యం వినే బిడ్డ, తానూ పనికిరానివాడనుకోడా? పరువు కోసం అప్పుచేసి కాన్వెంటు ఫీజు కట్టే తండ్రి, యాభై రూపాయల తెలుగు వాచకం దండుగ అంటాడు. ఇదేమి లెక్క?

తమిళం వద్దని నేననను. 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేసినది. ఉన్న ఊరి భాష రానివానికి బ్రతుకు సాగదు. ఇంగ్లీషూ కావలసిందే. వాటిని చేర్చుకోవడానికి తెలుగును తోసివేయడమెందుకు? ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించవలెనని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుండి చెబుతూనే ఉన్నది. అడగనిదే అమ్మయినా పెట్టదు. మనం అడిగామా?

ఉపాధ్యాయులారా, మన సంగతీ చెప్పుకొందాం. నా జీతం తెలుగు పెట్టిన కూడు. అయినా నా కుమారుణ్ణి ఆంగ్ల మాధ్యమంలోనే చేర్చాను. నేడతడు నాకు తెలుగులో నాలుగు వాక్యాల ఉత్తరం వ్రాయలేడు. ఆ తండ్రి ప్రశ్నకు నా నోట జవాబు రాకపోవడానికి కారణమిదే.

అందుచేత కోరుతున్నాను. ప్రవేశపత్రంలో మాతృభాష అన్నచోట "తెలుగు" అని వ్రాయించండి. తెలుగు తరగతి కావలెనని పదిమంది సంతకాలతో అర్జీ పెట్టండి. ఆ పదిమందిలో ముందుగా ఉపాధ్యాయుని పేరుండాలి.